మంగు మచ్చలు – తెల్లబరిచే క్రీములు

ప్రశ్న: నా వయస్సు 34 సంవత్సరాలు. ఇద్దరు పిల్లలు. రెండవ కాన్పుకు ముందు రెండు బుగ్గల మీద, ముక్కు మీద గోధుమరంగు మచ్చలు వచ్చాయి. కాన్పు అయి నాలుగేళ్లయినా పోలేదు. పక్కింటివారు చెప్పగా మందుల షాపులో ఒక క్రీము కొని ఎనిమిది నెలలుగా రాస్తున్నాను. మొదటి నెలలోనే ముఖం తెల్లబడింది. కాని నాలుగు రోజులు మానితే ముఖమంతా ఎర్రబడి మంట పుడుతోంది, మచ్చలు మళ్లీ వస్తున్నాయి. ఇప్పుడు మొటిమలు, బుగ్గల మీద నూగు వెంట్రుకలు కూడా మొదలయ్యాయి. రక్తం చెడిందని మా అత్తగారు అంటున్నారు. ఈ క్రీము జీవితాంతం రాయవలసిందేనా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అవసరం లేదు. అసలు ఇంకొక ట్యూబు కొననే వద్దు. మీ రక్తం చెడలేదు. మీరు రాసినదాన్ని బట్టి బుగ్గల మీది మచ్చలు మంగు, తరువాత వచ్చిన మంట, ఎరుపు, మొటిమలు, వెంట్రుకలు చాలావరకు ఆ క్రీము వల్ల వచ్చినవి. ఈ రెండింటినీ వేరుగా చూడాలి.

మన చర్మానికి రంగునిచ్చేది మెలనిన్ అనే పదార్థం. దాన్ని తయారుచేసే కణాల సంఖ్య తెల్లవారిలోనైనా నల్లవారిలోనైనా దాదాపు ఒక్కటే. అవి ఎంత చురుకుగా పనిచేస్తాయన్నదే తేడా. గర్భిణీ దశలో పెరిగే హార్మోన్లు, ఎండ, వంశపారంపర్యం కలిసి కొన్నిచోట్ల ఈ కణాలను రెచ్చగొడతాయి. అదే మంగు. కొందరికి కాన్పు తరువాత కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. కొందరికి మీలాగ నిలిచిపోతుంది. గర్భనిరోధక మాత్రల వల్ల కూడా రావచ్చు. మీరు అవి వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇక క్రీము సంగతి. 1975లో అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనే వైద్యులు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్ కలిపి మచ్చలకు మందు తయారుచేశారు. అటువంటి మిశ్రమం డాక్టరు పర్యవేక్షణలో కొద్ది వారాలు వాడితే మంచి మందే. నెలల తరబడి ఫేస్ క్రీములా రాస్తే, అందులోని స్టెరాయిడ్ చర్మాన్ని పలుచబరుస్తుంది. రక్తనాళాలు పైకి కనబడతాయి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. మానగానే మంట పుడుతుంది. ఆ మంటకు భయపడి మళ్లీ రాస్తారు. హైడ్రోక్వినోన్ కూడా ఏళ్ల తరబడి రాస్తే చర్మం నీలి నలుపుగా మారవచ్చు. ఇటువంటి దుర్వినియోగం చూసే 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని నిర్ణయించింది.

పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీములు మరీ ప్రమాదకరం. కొన్నింటిలో పాదరసం ఉంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవారిలో మూత్రపిండాల జబ్బు బయటపడింది.

మీరిప్పుడు చేయవలసినది: ట్యూబును వెంట తీసుకుని చర్మవ్యాధి నిపుణునికి చూపండి. ఒక్కసారిగా మానాలా, క్రమంగా తగ్గించాలా అన్నది మీ చర్మాన్ని చూసి ఆయన నిర్ణయిస్తారు. కొన్ని వారాలు ముఖం ఎర్రబడవచ్చు. బెదిరి మళ్లీ పాత క్రీము జోలికి పోవద్దు. ఆ చికాకు తగ్గాకే మంగుకు చికిత్స.

ఆ చికిత్సలో సగం ఎండ నుంచి కాపాడుకోవడమే. ఎస్.పి.ఎఫ్. 30 లేక అంతకు మించిన సన్‌స్క్రీన్‌ను, చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండినంత తీసుకుని ముఖానికి, మెడకు రాయాలి. బయట ఉంటే రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలి. మబ్బు రోజున కూడా మానరాదు. ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగు సన్‌స్క్రీన్ మంగుకు ఇంకా మేలు. గొడుగు, కొంగు ఎలాగూ ఉన్నవే. నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్తే చర్మం కాలి మచ్చలు ముదురుతాయి. నలుగుతో గట్టిగా రుద్దడం కూడా మంచిది కాదు.

మందుల్లో అజెలాయిక్ ఆసిడ్ నెమ్మదిగా పనిచేస్తుంది, గర్భిణులకు కూడా సాధారణంగా ఇవ్వవచ్చు. ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ గర్భిణులు వాడరాదు. ట్రానెక్సామిక్ ఆసిడ్ మాత్రలు రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికి పనికిరావు కనుక సొంతంగా మింగరాదు. లేజర్‌కు తొందరపడకండి. మన చామనఛాయ చర్మం దానివల్ల మరింత నల్లబడే అవకాశం ఉంది. ఏ మందుతోనైనా ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పై పొరలోని మచ్చలు త్వరగా, లోతైనవి ఆలస్యంగా తగ్గుతాయి. తగ్గాక ఎండలో అజాగ్రత్తగా ఉంటే మంగు తిరిగి వస్తుంది.

తక్కిన పాఠకులకు ఒక మాట. ప్రతి మచ్చా మంగు కాదు. ఛాతీ మీద, వీపు మీద సన్నని పొట్టు రాలే మచ్చలు శోభి కావచ్చు. అది శిలీంధ్రం వల్ల వచ్చేది, మందుతో పోతుంది, రంగు మాత్రం నెలల తరువాత సర్దుకుంటుంది. మెడ వెనుక మందంగా, నల్లగా మారితే రుద్దడం మాని రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి. పాలిపోయిన మచ్చ మీద స్పర్శ తెలియకపోతే ఆలస్యం చేయక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. అది కుష్ఠు అయితే మందులు ఉచితంగా ఇస్తారు, పూర్తిగా నయమవుతుంది.

సోదరీ, మీకు కావలసింది పుట్టుకతో వచ్చిన మీ రంగు తిరిగి రావడం. అంతకంటె తెల్లబరుస్తామని ఎవరు చెప్పినా నమ్మకండి. మూడు నెలలు ఓపిక పట్టి, ఎలా ఉన్నదీ మళ్లీ రాయండి.