దుకాణాల్లో వాటా సరే, చికిత్సలో వాటా ఏది?

2021లో రాష్ట్ర ప్రభుత్వం మద్యం దుకాణాల కేటాయింపులో గౌడలకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ప్రకటించింది. అమ్మకంలో సామాజిక న్యాయాన్ని ఇంత కచ్చితంగా లెక్కగట్టిన పాలకులు, అదే మత్తులో చిక్కుకున్న బహుజన శ్రామికుడి చికిత్సను మాత్రం అతని ఇల్లాలి కష్టార్జితానికి వదిలేశారు.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడల్లో ఈ వైరుధ్యం మరింత క్రూరమైనది. ఔషధ పరిశ్రమకు పేరొందిన సంగారెడ్డి జిల్లాలోనే, కల్లులో కలిపే ఆల్ప్రాజోలం అక్రమ తయారీ పలుమార్లు బయటపడింది. షిఫ్టు దిగిన కాంట్రాక్టు కూలీ తాగుతున్నది కల్లో, మందో అతనికే తెలియదు. దీనికి గీత కార్మికుడిని దోషిగా నిలబెట్టడం అన్యాయం. చెట్టెక్కేవాడు వేరు, రసాయనంతో లాభం గడించేవాడు వేరు.

2015లో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు ఉమ్మడి మెదక్, నిజామాబాద్ జిల్లాల్లో వందలాది మంది మూర్ఛలతో, మతిభ్రమణతో ఆసుపత్రుల పాలయ్యారు. ఆల్ప్రాజోలాన్ని వైద్యుల పర్యవేక్షణలో క్రమంగా తగ్గించాలి తప్ప ఒక్కసారిగా ఆపకూడదు. దుకాణం మూయడమే పరిష్కారమనుకునే పాలనకు ఆ అనుభవమే గుణపాఠం కావాలి.

ఆసుపత్రి చికిత్సకు ఆరంభం మాత్రమే. తిరిగొచ్చిన మనిషిని నిలబెట్టేది వాడ. అక్కడే కులం అడ్డొస్తుంది. సంపన్న అగ్రకుల యువకుడి వ్యసనం 'మానసిక ఒత్తిడి' అవుతుంది; మాదిగ యువకుడిదైతే 'వాళ్లంతే' అవుతుంది. కోలుకుంటున్నవారు వారానికోసారి కలుసుకునే సభ ఎక్కడ జరుగుతుందన్నది కూడా కుల ప్రశ్నే. గుడి మండపంలోనో, ఒక కుల సంఘ భవనంలోనో పెడితే గడప దగ్గరే కొందరు ఆగిపోతారు. బస్తీ దవాఖానాలో, అంగన్‌వాడీలో పెట్టాలి. కోలుకున్న కార్మికులే దాన్ని నడపాలి. మహిళా సంఘాలు, గీత కార్మిక సహకార సంఘాలు తోడు నిలవాలి.

కూలి పోతుందన్న భయముంటే ఏ సభా నిలవదు. కార్మిక రాజ్య బీమా కింద అనారోగ్య కాలంలో ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం వేతనం అందుతుంది. కానీ కాంట్రాక్టరు పేరే నమోదు చేయకపోతే ఆ హక్కు కాగితానికే పరిమితం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక అనారోగ్యంలో చేర్చింది. సమాజంలో కలిసి జీవించే హక్కునూ గుర్తించింది.

దూబగుంట మహిళలు 1990ల ఆరంభంలో సారా దుకాణాన్ని మూయించి చరిత్ర సృష్టించారు. నేటి కర్తవ్యం అంతకన్నా ఓపిక కోరుతుంది: వదిలించుకోవాలని వచ్చిన మనిషికి వాడలో ఒక తలుపు తెరవాలి. లైసెన్సుల్లో వాటా ఇచ్చిన ప్రభుత్వం, ఆ తలుపుకు అయ్యే ఖర్చును ఎక్సైజ్ ఆదాయం నుంచే ఇవ్వాలి.