వార్డులో వినిపించే తెలుగు

చెన్నైలో సొంతిల్లున్న ప్రతివారూ అర్ధ సంవత్సరానికోసారి కార్పొరేషన్‌కు ఆస్తిపన్ను కడతారు. ఆ సొమ్ములో గ్రంథాలయ సుంకం కూడా కలిసి ఉంటుందని గమనించేవారు తక్కువ. పన్ను రూపాయికి పది పైసల చొప్పున వసూలయ్యే ఆ మొత్తం నగరంలోని పౌర గ్రంథాలయాలను నడపడానికి వెళుతుంది. 1948లో వచ్చిన మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం దీనికి మూలం. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికింకా ఉమ్మడి మద్రాసులోనే ఉన్నాయి. అంతకు దాదాపు ముప్పై ఏళ్ళ కిందట, 1919లో, తొలి అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది కూడా ఈ ఊళ్ళోనే. దాని వెనక గ్రంథాలయోద్యమ నాయకుడు అయ్యంకి వెంకటరమణయ్య పట్టుదల ఉంది. ఇంత చరిత్ర ఉన్నా, పెరంబూరులోనో కొరుక్కుపేటలోనో ఏళ్ళ తరబడి సుంకం కడుతున్న తెలుగు కుటుంబానికి, తమ పేట గ్రంథాలయంలో ఒక తెలుగు దినపత్రిక వేయించమని అడగవచ్చన్న ఆలోచన రాదు. అడగనిదే ఎవరూ వేయించరు.

భాష విషయం ఎత్తగానే మన చూపు ముఖ్యమంత్రి మీదికో కేంద్రం మీదికో పోతుంది. మన రాజ్యాంగం మాత్రం ఇంకా దగ్గరికి చూడమంటోంది. 1956లో ఏడో సవరణతో చేరిన 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పించేందుకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, రాష్ట్రంలోని ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని చెబుతోంది. రాష్ట్రానికి ఎంత బాధ్యత ఉందో కార్పొరేషన్‌కూ అంత ఉంది. భాషల మీద జరిగే మన చర్చల్లో ఈ రెండో సగం దాదాపు వినిపించదు.

చెన్నై కార్పొరేషన్‌కు ఆ బాధ్యత కొత్తదీ కాదు, బరువైనదీ కాదు. 1688లో పుట్టిన సంస్థ అది. స్థానిక స్వపరిపాలనకు దారి వేసిన రిప్పన్ ప్రభువు పేరే దాని భవనానికి పెట్టారు. ఆ కార్పొరేషన్‌కు ప్రభుత్వోద్యోగి కాని తొలి అధ్యక్షుడు తెలుగింటి బిడ్డ, పిట్టి త్యాగరాయ చెట్టి. 1920 సెప్టెంబరులో థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు మధ్యాహ్నం ఫలహారం పెట్టాలని ఆ మండలి తీర్మానించింది. పిల్లవాడికి రోజుకు అణాకు మించకూడదన్నది షరతు. ఆకలితో ఉన్న పిల్లలకు చదువు ఎక్కదని ఒక నగర మండలి తనంతట తాను గుర్తించిన సందర్భం అది. దేశమంతా ఇప్పుడు గొప్పగా చెప్పుకునే మధ్యాహ్న భోజనానికి మొదటి అడుగుల్లో అదొకటి. ఢిల్లీ చెప్పిందని చేసిన పని కాదు. పక్క వీధిలో పిల్లలు ఎలా ఉన్నారో చూసి చేసిన పని.

ఇంటి భాషను కూడా ఆ కంటితోనే చూడమని అడగాల్సి ఉంది. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షల పైచిలుకు. నాటి చెన్నై జిల్లాలోనే నాలుగు లక్షలు దాటారు. వీరిలో జార్జిటౌన్ వర్తకులు ఉన్నారు, సినిమా పరిశ్రమతో వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఉన్నాయి, ఉద్యోగాల కోసం నిన్నమొన్న వచ్చినవారూ ఉన్నారు. వీరందరికంటే కార్పొరేషన్‌కు దగ్గరివారు ఇంకొందరున్నారు. తరతరాలుగా ఈ నగరం వీధులు ఊడ్చి, చెత్త ఎత్తి, కాలువలు బాగుచేసిన పారిశుధ్య కార్మికుల్లో తెలుగు ఇంటిభాషగా ఉన్నవారు ఎంతోమంది. వీరి పూర్వీకులు నెల్లూరు వైపునుంచీ ఇతర తెలుగు జిల్లాలనుంచీ వచ్చారు. తెల్లవారకముందే పనికి వెళ్ళే ఆ తల్లి బిడ్డతో మాట్లాడేది తెలుగులో. బిడ్డ చదివేది తమిళంలో. ఆ బిడ్డకు తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు.

అక్షరం రాకపోతే ఏం పోతుందో దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. ఊళ్ళో ఉన్న అమ్మమ్మకు సందేశం పంపాలంటే ఆ పిల్లవాడు తెలుగు మాటల్ని తమిళ లిపిలో రాస్తాడు. ఆ లిపిలో 'కథ'కూ 'గద'కూ తేడా ఉండదు. అవతల చదివేవారు సందర్భాన్నిబట్టి పోల్చుకోవాలి. తమిళ లిపిలో త్యాగరాజ కృతులు అచ్చువేసేవారికి ఈ ఇబ్బంది ఎప్పటినుంచో తెలుసు. అందుకే క, ఖ, గ, ఘ వేరని చూపడానికి అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అంకెలు వేస్తారు. డిసెంబరు కచేరీల నెలలో మైలాపూరు సభల్లో వినబడే సాహిత్యంలో ఎంతో భాగం తెలుగే. పాడే విద్వాంసులు చాలామంది తమిళులు. ఆ కృతుల ఉచ్చారణ కోసం వారు పడే శ్రమకు చేతులెత్తి మొక్కాలి. ఈ నగరానికి తెలుగంటే పరాయితనం లేదు. అయినా ఉత్తర చెన్నైలోని వ్యాసర్పాడి పిల్లవాడికి తాను పలికే మాటను రాసుకునే వీలు లేకుండా పోతోంది.

కార్పొరేషన్ బళ్ళలో తెలుగు మాధ్యమం ఒకప్పుడు మామూలు సంగతి. అది ఏటా సన్నగిల్లుతూ వచ్చింది. తల్లిదండ్రులే ఇంగ్లీషు మాధ్యమం కోరుకున్నారన్నది నిజం, వారిని తప్పుపట్టలేం. కానీ అదొక్కటే కారణం కాదు. తెలుగు పంతులు పదవీ విరమణ చేస్తాడు, ఆ ఖాళీ నిండదు. పంతులు లేని తరగతికి పిల్లల్ని పంపేవారుండరు. పిల్లలు లేరు కనుక తరగతి అక్కర్లేదని కాగితం మీదికి ఎక్కుతుంది. 2006 నాటి తమిళ అభ్యాస చట్టం తమిళాన్ని ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏడాదికో తరగతి చొప్పున పదిదాకా తప్పనిసరి చేసింది. ఈ గడ్డ మీద పెరిగే ప్రతి బిడ్డకూ తమిళం రావాల్సిందే, అందులో మనకు రెండో మాట లేదు. అయితే ఆ చట్టం వల్ల తమ భాషకు చోటు చాలదని భాషా అల్పసంఖ్యాక విద్యార్థులు మినహాయింపుల కోసం హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ వెళ్ళాల్సి రావడం బాధాకరం. పదో తరగతి పరీక్ష ముంగిట కోర్టు మెట్లెక్కడం కన్నా, ఒకటో తరగతిలో ఒక పంతుల్ని వేయించుకోవడం అందరికీ మేలు. దానికి కొలత కూడా ఎప్పుడో కుదిరింది. ఒక తరగతిలో పదిమందో, బడి మొత్తంలో నలభైమందో ఉంటే వారి మాతృభాషలో చెప్పే ఉపాధ్యాయుడిని ఇవ్వాలని 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది.

ఇక్కడ ఐర్లండ్ అనుభవం మనకు పనికొస్తుంది. అక్కడ ఐరిష్ భాషకు రాజ్యాంగంలో పెద్ద పీట ఉంది, బళ్ళలో నూరేళ్ళుగా చెబుతున్నారు. 2022 జనగణనలో 18 లక్షల 70 వేలమందికి పైగా తమకు ఐరిష్ వచ్చునన్నారు. కానీ బడి బయట రోజూ మాట్లాడేవారు 72 వేలలోపే తేలారు. పైనుంచి ఎంత చేసినా వీధిలో వాడుక లేకపోతే భాష నిలవదని వారికి అర్థమైంది. 2003 అధికార భాషల చట్టం వచ్చాక స్థానిక మండళ్ళు ఐరిష్‌లో ఏయే సేవలు అందిస్తాయో రాతపూర్వకంగా ఒప్పుకోవడం మొదలైంది. కొన్ని మండళ్ళలో ఆ పనికే ఒక అధికారి ఉంటారు. 2012లో ఇంకో చట్టం చేసి, ఐరిష్ పలికే ప్రాంతాల భాషా ప్రణాళికను ఆ ఊరి సంస్థల చేతిలోనే పెట్టారు. రాజధాని నుంచి ఊరికి, ఊరినుంచి వీధికి బాధ్యత దిగుతూ వచ్చింది.

ఇంతకంటే ఆసక్తికరమైనది ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ సంగతి. భాష పేరు చెబితే పాత గాయాలు రేగే నగరం అది. వీధి పేరు పలకమీద ఐరిష్ కూడా ఉండాలంటే అక్కడ ఒకప్పుడు ఆ వీధివారిలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాల్సి వచ్చేది. జవాబు ఇవ్వనివారు కూడా అడ్డు చెప్పినవారి కిందే లెక్క. 2022లో ఆ పద్ధతి మారింది. వీధిలో ఒక్కరు అడిగినా చాలు, నగర మండలి ఇంటింటి అభిప్రాయం తీసుకుంటుంది. 15 శాతం మంది కావాలంటే పలక పెట్టడానికి దారి తెరుచుకుంటుంది. తుది నిర్ణయం మండలిదే. ఊరంతా కలిపి లెక్కిస్తే చిన్నదిగా కనబడే భాష, వీధిని లెక్కిస్తే కళ్ళముందు నిలబడుతుంది.

మనకూ 15 అంకె కొత్తది కాదు. 1956లో కేంద్రం భాషా అల్పసంఖ్యాకుల రక్షణ కోసం రాష్ట్రాలకు పంపిన పత్రంలో, జిల్లాలోనో మునిసిపాలిటీలోనో తాలూకాలోనో జనాభాలో 15 నుంచి 20 శాతం ఒక భాషవారుంటే ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు ఆ భాషలోనూ వెలువడాలని ఉంది. నాలుగు లక్షలు అనగానే పెద్ద సంఖ్యలా తోస్తుంది కానీ, చెన్నై మొత్తానికి చూస్తే అది పదిశాతం కూడా లేదు, కనుక గీత దాటదు. ఇప్పుడు మహానగర కార్పొరేషన్‌లో 200 వార్డులున్నాయి. ఒక్కో వార్డు ఒక చిన్న పట్టణమంత. తెలుగు కుటుంబాలు దగ్గర దగ్గరగా ఉన్న ఉత్తర చెన్నై వార్డుల్లో లెక్క వేరుగా వస్తుందని అక్కడి వీధుల్లో పది నిమిషాలు నడిచినవారికెవరికైనా తెలుస్తుంది. వార్డువారీగా లెక్కించమని నిబంధన చెప్పడం లేదు, వద్దనీ అనడం లేదు. ఆ పని కార్పొరేషన్ మంచి మనసుతో చేయగలదు.

చేస్తే ఖర్చు ఎంత? వానాకాలంలో నీళ్ళు చేరే పేటల్లో హెచ్చరిక బండి తమిళంతోపాటు తెలుగులో రెండు మాటలు చెబితే ముసలివారికి దడ తగ్గుతుంది. టీకాల శిబిరం కరపత్రం వెనక వైపు తెలుగు అచ్చువేయడం భారం కాదు. తన సొంత పారిశుధ్య కార్మికులకు భద్రతా సూచనలు, భవిష్యనిధి కాగితాల వివరం వారి భాషలో చెప్పించడమైతే యజమానిగా దాని కనీస ధర్మం. తమిళనాడు పాఠ్యపుస్తకాల సంస్థ తెలుగు వాచకాలు ఎటూ అచ్చువేస్తూనే ఉంది. సాయంత్రం ఖాళీగా ఉండే కార్పొరేషన్ బడి గదిలో వారానికి రెండు రోజులు అక్షరాలు చెప్పించడానికి కొత్త భవనం అక్కర్లేదు. పదవీ విరమణ చేసిన తెలుగు పంతుళ్ళకు ఈ ఊళ్ళో కొదవ లేదు, ఆదరంగా పిలిస్తే వస్తారు.

పేర్ల పలకల సంగతి కూడా ఒక మాట. ఈ నగరం తెలుగువారిని మరచిపోలేదు. త్యాగరాయనగర్ ఉంది, పానగల్ పార్కు ఉంది, ప్రకాశం సాలై ఉంది, దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు ఉంది. మైలాపూరు లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో పొద్దున్నే వందలమంది నడుస్తారు. అమృతాంజనం సృష్టించి, ఆంధ్రపత్రికను బొంబాయి నుంచి మద్రాసుకు తెచ్చి నడిపించిన కాశీనాథుని నాగేశ్వరరావు ఎవరో ఆ నడిచే పిల్లలకు చెప్పేదెవరు? 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరిన ఇల్లు కూడా ఆ దాపులోనే ఉండేది. తమిళం, ఇంగ్లీషు, తెలుగు మూడింటిలో నాలుగు వాక్యాల పలక ఒకటి అక్కడ నిలిపితే, తమిళ పాఠకుడికీ అది తన నగరం కథే అవుతుంది.

ఇదంతా తమిళంతో పోటీ అని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. తమిళనాడులో తమిళానిదే పెద్దరికం. పక్క ఇంటివారి భాషకు కాస్త చోటివ్వడం వల్ల ఆ పెద్దరికం తగ్గదు. ఇదే మాట సరిహద్దుకు ఇవతల ఆంధ్రప్రదేశ్‌లో మనకూ వర్తిస్తుంది. నగరి, కుప్పం, సత్యవేడు వైపు తమిళం ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు ఉన్నాయి. చెన్నైలో తెలుగుకు కోరేది అక్కడి మునిసిపాలిటీలూ పంచాయతీలూ తమిళానికి ఇవ్వాలి. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టింది ఈ భాషలన్నీ ఒకచోట కూర్చోవాలనే. విశ్వవిద్యాలయం దాకా వెళ్ళిన స్నేహం ఊరి బడి దాకా, పంచాయతీ నోటీసు దాకా రావాలి. తెలుగు ప్రభుత్వాలు ఆ పని ముందుగా చేసి చూపిస్తే, చెన్నైని అడిగే నోటికి బలం వస్తుంది.

అడగడానికి తలుపు కూడా తెరిచే ఉంది. 2022లో తమిళనాడు ప్రభుత్వం పట్టణ స్థానిక సంస్థల్లో వార్డు కమిటీలకూ ఏరియా సభలకూ నియమాలు చేసింది. వీధి దీపం, మురుగుకాలువ, నల్లా నీళ్ళు అక్కడ మాట్లాడుకుంటారు. అక్షరం, పత్రిక కూడా మాట్లాడుకోవచ్చు. నగరంలోని తెలుగు సంఘాలు ఉగాదికి సభలు చేస్తాయి, పెద్దలకు శాలువాలు కప్పుతాయి, అవన్నీ ఉండాల్సిందే. వాటితోపాటు తమ తమ వార్డుల ఏరియా సభకు ఒక విన్నపం తీసుకుపోతే బాగుంటుంది. విన్నపం తమిళంలో రాయాలి, సంతకాలు తెలుగులో పెట్టాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ సంతకం మాత్రం తెలుగులో పెట్టలేని పిల్లల పేర్లు కింద జతచేయాలి. 1949 తీర్మానం లెక్కకు ఒక తరగతిలో పది పేర్లు చాలు, సాయంత్రం తరగతికైతే అన్ని కూడా అక్కర్లేదు.