గునపం, బర్మా, చిల్లుల గరిటె

పోయిన సంచికలో మా గరాజ్ సర్దిన కథ రాస్తూ, "చేపల సామాను మీద మాత్రం మా ఆవిడని చెయ్యి వెయ్యనివ్వలేదు" అని ఒక ముక్క వదిలాను. అంతే, ఫోన్లు మొదలయ్యాయి. టెక్సాస్ నుంచి ఒకాయన "మంచులో చేపలేమిటండీ, ఫ్రీజర్లోవా?" అన్నారు. న్యూజెర్సీ నుంచి ఒకావిడ "మీరు శాకాహారులనుకున్నామే!" అని నొచ్చుకున్నారు. మా ఇంట్లో సగం మంది శాకాహారులేనండీ, నేను మిగతా సగం.

మా మిన్నెసోటా నంబరు ప్లేట్ల మీద 10,000 సరస్సులని ఉంటుంది. అది వినయం కొద్దీ రాసుకున్న అంకె. 10 ఎకరాలు దాటినవే 11,842 ఉన్నాయి. డిసెంబరు వచ్చిందంటే చాలామటుకు గడ్డకట్టి, వాటి మీద ఊళ్లు వెలుస్తాయి. బుల్లి బుల్లి చెక్క గదులు, గుడారాలు, పొయ్యిలు, కుర్చీలు. మంచుకి కన్నం పెట్టి, గేలం వదిలి, జనం గంటలకొద్దీ కూర్చుంటారు. 1993లో వచ్చిన 'గ్రంపీ ఓల్డ్ మెన్' సినిమా చూసినవాళ్లకి ఈ వాతావరణం తెలిసే ఉంటుంది. అది మా రాష్ట్రంలోని వబాషా ఊరి కథే.

నాకీ పిచ్చి అంటించింది మా పక్కింటి పెద్దాయన. నార్వే నుంచి వచ్చిన కుటుంబం. భార్య పోయాక ఒంటరిగా ఉండేవాడు. మేము 2006లో ఇల్లు కొనుక్కున్నప్పుడు మొదటి శీతాకాలం మా డ్రైవ్‌వే మీద మంచు తీసిపెట్టింది ఆయనే. మా అమ్మాయి ఆయన్ని 'తాతయ్యా' అనే పిలిచేది. ఆ మాటకి అర్థం చెప్పాక, ఆయన తన పోస్టు డబ్బా మీద కూడా అదే రాసుకుంటానని బెదిరించాడు.

2011 శరదృతువులో ఆయన ఇల్లు అమ్మి వృద్ధాశ్రమానికి వెళ్లేటప్పుడు, ఒక చెక్కపెట్టె, రెండు పొడుగాటి ఇనప సామాన్లు మా గరాజ్‌లో దింపించాడు. ఒక్కటే షరతు: గోడకి తగిలించకూడదు. ఇక్కడ కొన్ని రెస్టారెంట్లలో పాత గేలాలూ, చెక్క చేపలూ గోడలకి మేకులేసి కొడతారు. అది చూస్తే ఆయనకి ఒళ్లు మండేది. వాడితే వాడు, లేకపోతే వాడేవాడికి ఇచ్చెయ్, అన్నాడు.

ఇంతకీ ఆ సామానేమిటంటే...

మొదటిది గునపం. ఇక్కడ 'స్పడ్ బార్' అంటారు. అచ్చం మన గడ్డపారే, కాకపోతే కొస ఉలిలా పలకగా ఉంటుంది. పైన ఒక తాడు ఉచ్చు, చేతిలోంచి జారి కన్నంలో పడిపోకుండా. వెనకటికి మంచుకి కన్నం పెట్టేదే దీంతో. ఇప్పుడు ఆ పనికి వాడేవాళ్లు తక్కువ, కానీ ప్రాణం కాపాడే పనిముట్టు మాత్రం ఇదే. సీజన్ మొదట్లో సరస్సు మీద అడుగు వేసేముందు, ఆ వేయబోయే చోట గట్టిగా ఒక పోటు పొడవాలి. నిలిచిందా, అడుగెయ్యి. దిగబడిందా, వచ్చిన దారినే వెనక్కి.

ఇక్కడి డీఎన్‌ఆర్ వాళ్లు చెప్పే లెక్క ప్రకారం నడిచి వెళ్లడానికి కనీసం 4 అంగుళాల గట్టి, నిర్మలమైన మంచు ఉండాలి. పాలలా తెల్లగా ఉన్న మంచుకి బలం సగమే, కనక మందం రెట్టింపు కావాలి. పైగా ఒకే సరస్సు మీద అన్నిచోట్లా ఒకే మందం ఉండదు. ఊటలు ఉన్నచోట, వాగు వచ్చి కలిసే చోట పలచగా ఉంటుంది. అందుకే ఏ మంచూ నూటికి నూరుపాళ్లు భద్రం కాదని వాళ్లే రాస్తారు.

2023 డిసెంబరులో ఈ గునపం విలువ మరోసారి తెలిసింది. ఆ శీతాకాలం మిన్నెసోటా రికార్డుల్లోకెల్లా వెచ్చనిది. సెలవులకి కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి, నేను, ఒక పొద్దున్న బయల్దేరాం. ఒడ్డు నుంచి పది అడుగులు బాగానే ఉంది. పదకొండోది తను పొడిచింది. రెండో పోటుకే నీళ్లు చిమ్మాయి. ఇద్దరం మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగాం. ఆ నెలాఖరులోనే అప్పర్ రెడ్ లేక్ మీద మంచుపలక విరిగి, వందమందికి పైగా ఒడ్డుకి దూరంగా చిక్కుబడిపోతే రక్షించాల్సి వచ్చింది. మేము ఇంటికొచ్చి ఉప్మా తిన్నాం. ఆ ఏడు మిగతా సామాను పెట్టెలోంచి దాదాపు బయటికే రాలేదు.

రెండోది బర్మా. వడ్రంగి చెక్కకి బెజ్జం వేసే బర్మాని మనిషెత్తు చేసి, రెండు చేతులతో తిప్పే పిడి పెట్టినట్టు ఊహించుకోండి. ఆయనది స్వీడన్‌లోని మోరా ఊరి పేరుతో వచ్చే రకం. (మా రాష్ట్రంలోనూ ఒక మోరా ఉంది, ఆ ఊరి పేరే. అక్కడ పేద్ద ఎర్ర గుర్రం బొమ్మ నిలబడి ఉంటుంది.) బ్లేడ్లు పదునుగా ఉంటే అడుగు మందం మంచుని తొలచడం పెద్ద పని కాదు. మొద్దుబారితే మాత్రం అరగంట తిప్పినా అక్కడక్కడే. ఇసుక తగిలితే పదును పోతుంది. బ్లేడుకి పట్టిన మంచుని వదిలించడానికి నేలకేసి కొట్టారా, అంచు పెచ్చు లేస్తుంది. ఇంటికొచ్చాక తుడిచి, ఆరబెట్టి, కాస్త నూనె రాసి, తొడుగు తొడగాలి. సానబట్టే కోణం చెయ్యి తిరిగినవాళ్లకి తప్ప కుదరదు కనక, నేను ఆ జోలికి పోకుండా అరిగిన బ్లేడ్లు తీసి కొత్తవి బిగిస్తాను. పాత ఒంటికి కొత్త పళ్లు!

ఇప్పుడంతా లిథియం బ్యాటరీ బర్మాలు. మీట నొక్కితే కన్నం తయారు. మా ఆఫీసు మిత్రుడొకడు అలాంటిది కొన్నాడు. మైనస్ 20 చలిలో దాని బ్యాటరీ నీరసించిపోయినప్పుడు, మా చేతి బర్మాతోనే నాలుగు కన్నాలు పెట్టించుకున్నాడు. పగలంతా క్లయింట్ల దగ్గర ముప్పై ఏళ్లనాటి కోబాల్ ప్రోగ్రాములు ఇంకా ఎందుకు నడుస్తున్నాయో వివరించి బతికేవాణ్ణి నేను, కనక ఆ పూట నాకు కలిగిన ఆనందం ఇక్కడ రాయను.

కన్నం పెట్టాక తేలే మంచుముక్కల్ని ఏరడానికి చిల్లుల గరిటె. బూందీ దూసే గరిటెకి అక్కచెల్లెలు. మా ఆవిడ ఒకసారి చూసి, దీన్ని వంటింట్లోకి తెస్తే ఊరుకోనని చెప్పింది.

ఇక గేలాలు. 'జిగిల్ స్టిక్' అని ఒక రకం ఉంది. జానెడో మూరెడో చెక్కబద్ద, దానికి రెండు కొయ్య మేకులు, వాటి చుట్టూ దారం. రీలు లేదు, గేరు లేదు. చేప పడితే చేతులతోనే లాక్కోవాలి. 2010 సంక్రాంతికి మా నాన్నగారు మొట్టమొదటిసారి చలికాలంలో ఇక్కడికొచ్చారు. కొల్లేటి ఒడ్డు మనిషి. కొర్రమేనుకి కప్పపిల్లని ఎరవేసి పట్టిన చెయ్యి. పక్కింటి పెద్దాయన ఇద్దర్నీ కూర్చోబెట్టుకుని వెళ్లాడు. నాన్నగారు కోటు మీద కోటు, పైన శాలువా, తలకి మఫ్లరు చుట్టుకుని, "నీళ్ల మీద కుర్చీ వేసుక్కూర్చోవడం ఈ జన్మలో ఉందనుకోలేదురా" అంటూనే ఆ బద్దని చేతిలోకి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేగా మన కర్రగేలం!" అన్నారు.

ఆయనకి ఇంగ్లీషు రాదు, ఈయనకి తెలుగు రాదు. దుబాసీగా నేను పక్కనే ఉన్నా నాతో ఇద్దరికీ పని పడలేదు. నాన్నగారు వేలితో దారాన్ని సన్నగా ఆడిస్తుంటే ఆయన చూసి తల ఊపాడు. ఆయన పెట్టెలోంచి ఒక్కో కొక్కెం తీసి చూపిస్తే నాన్నగారు వేళ్లతో కొలిచి, ఎంత చేపకి సరిపోతుందో చేతులు చాపి చెప్పారు. ఆ సాయంత్రం నాలుగు పెర్చ్ చేపలు, ఒక వాల్‌ఐ పడ్డాయి. వాల్‌ఐని చింతపండు పులుసు పెడితే పెద్దాయన మూడుసార్లు వడ్డించుకుని, ముక్కు తుడుచుకుంటూ తిన్నాడు.

పైన ఇంత మంచుంటే చేపలు ఎలా బతుకుతాయని నాన్నగారు అడిగారు. పిల్లలూ, ఇది మీకూ పనికొస్తుంది. నీరు అన్నిటికన్నా బరువుగా ఉండేది 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర. అంతకన్నా చల్లబడితే తేలికై పైకి వస్తుంది, 0 దగ్గర గడ్డకడుతుంది. మంచు నీటికన్నా తేలిక కనక పైనే తేలుతుంది. దుప్పటి కప్పినట్టు కింద నీళ్లు నీళ్లలాగే ఉంటాయి, అడుగున సుమారు 4 డిగ్రీలు. చేపలు మందకొడిగా అక్కడ తిరుగుతుంటాయి. మిగతా పదార్థాల్లాగే నీళ్లు కూడా గడ్డకట్టి మునిగిపోయేవైతే సరస్సులు అడుగునుంచి గడ్డకట్టేవి.

పెట్టెలో 'టిప్-అప్'లు కూడా రెండున్నాయి. కన్నానికి అడ్డంగా పెట్టే కర్ర, కింద నీళ్లలో దారపు చుట్ట, పైన వంచి పెట్టిన స్ప్రింగుకి ఎర్రగుడ్డ జెండా. చేప ఎర పట్టి లాగగానే చుట్ట తిరిగి, స్ప్రింగు విడిపోయి, జెండా లేస్తుంది. మనం దూరాన కాఫీ తాగుతూ ఉండొచ్చు. ఇక్కడ శీతాకాలంలో మనిషికి రెండు గేలాలు వేసుకోనిస్తారు కనక, ఒకటి చేతిలో, ఒకటి జెండాకి. విస్కాన్సిన్‌లోని బీవర్ డామ్ ఊరి టిప్-అప్‌లకి మంచి పేరు. తిరిగే ఇరుసు గొట్టంలో గడ్డకట్టని కందెన ఉంటుంది. జెండా లేవగానే మా వాడు (పన్నెండేళ్లు) పరుగెత్తే పరుగు వాడి సాకర్ కోచ్ ఎప్పుడూ చూసి ఉండడు.

అన్నిటికన్నా నాకు ముచ్చటైనది పచ్చరంగు ఇనప డబ్బా. 1950ల చివర్లో లోరెన్స్ కంపెనీ తెచ్చిన చేపల జాడతీసే యంత్రం. లోపల ఒక చక్రం గిర్రున తిరుగుతుంది, దాని మీద చిన్న నియాన్ దీపం. కిందికి శబ్దం పంపుతుంది, ప్రతిధ్వని తిరిగి వచ్చిన క్షణాన దీపం వెలుగుతుంది. అప్పటికి చక్రం ఎంత తిరిగిందో చూస్తే లోతు తెలుస్తుంది. అంత చల్లటి నీళ్లలో శబ్దం సెకనుకి దాదాపు 1,420 మీటర్లు పోతుంది. 10 మీటర్ల లోతుకి వెళ్లి రావడానికి 14 మిల్లీసెకన్లు. తెర లేదు, సాఫ్ట్‌వేర్ లేదు, అప్‌డేట్ చెయ్యమని అడగదు. నా వృత్తిమీద నాకే అనుమానం పుట్టించే వస్తువు.

చివరిది చెక్కచేప, జానెడంత. కడుపు తొలిచి సీసం పోసి, రేకుతో రెక్కలు కొట్టి, రంగులు వేసింది. ఇది గేలానికి కాదు. చీకటి గదిలో కూర్చుని పైక్ చేపల్ని బల్లెంతో పొడిచేవాళ్లు, పెద్ద కన్నంలోకి దీన్ని వేలాడదీసి ఆడిస్తారు. తోక వంపు వల్ల గుండ్రంగా ఈదుతుంది, దాన్ని చూసి పైక్ వస్తుంది. గదిలో చీకటి, బయటి వెలుగు మంచులోంచి కిందికి దిగడంతో నీళ్లు మాత్రం పచ్చగా వెలుగుతుంటాయి. అడుగు తెల్లగా కనబడటానికి వెనకటి రోజుల్లో గుడ్డు పెంకులో, బంగాళాదుంప చక్రాలో చల్లేవాళ్లట. ఈ పద్ధతి ఇక్కడి ఆదివాసులు తరతరాలుగా ఎరిగినదే. మిషిగన్‌లోని కాడిలాక్‌లో ఆస్కార్ పీటర్సన్ (1887-1951) అనే ఆయన చెక్కిన చేపలకి ఇప్పుడు వేల డాలర్లిచ్చే సేకర్తలున్నారు. మాది ఆయనది కాదు. పెద్దాయన తండ్రి వంటింటి చాకుతో చెక్కింది. అయినా ఒక సేకర్త చూసి, నేను ఊహించని మొత్తమే ఇస్తానన్నాడు. అమ్మాయి కాలేజీ పుస్తకాల ఖర్చు వచ్చేది. ఆమెనే అడిగాను. "అతను దాన్ని నీళ్లలో వేస్తాడా?" అంది. వెయ్యడు. గాజు బీరువాలో పెడతాడు. దాంతో బేరం అక్కడే ఆగిపోయింది.

పాతదల్లా వాడాలని నేననను. పెట్టెలోని సీసపు గుళ్లన్నీ తీసి ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇచ్చేశాను. మా రాష్ట్రపక్షి లూన్ అరుగుదల కోసం గులకరాళ్లు మింగుతుంది. వాటితోపాటు సీసం మింగితే చచ్చిపోతుంది. ఇప్పుడు తగరం, టంగ్‌స్టన్ గుళ్లు దొరుకుతున్నాయి. పాత నైలాన్ దారం పెళుసెక్కుతుంది, మార్చాల్సిందే. ఆయన పాత కిరసనాయిలు పొయ్యిని ఇచ్చినా నేను తీసుకోలేదు. మూసిన గుడారంలో కార్బన్ మోనాక్సైడ్ వాసనైనా లేకుండా మనుషుల్ని చంపుతుంది. మెడలో వేసుకునే మేకుల జత మాత్రం ఉంచాను: రెండు చీపురుకర్ర ముక్కలు, ఒక్కోదానికి ఒక మేకు, మధ్యన తాడు. నీళ్లలో పడితే మంచు అంచుని వీటితో పొడిచి పట్టుకుని పైకి పాకాలి. తాడు మార్చాను. మేకులు ఆయనవే.

పెద్దాయన 2013లో పోయాడు. అంతవరకూ ప్రతి చలికాలం పట్టిన చేపల ఫొటోలు తీసుకెళ్లి చూపించేవాళ్లం. ఆయన చేపని కాదు, మా చేతుల్లో ఏ పనిముట్టుందో చూసేవాడు.

అన్నట్టు, జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు వారాంతం ఇక్కడ 'పిల్లల్ని తీసుకెళ్లండి' వారాంతం. పదిహేనేళ్లలోపు పిల్లలతో వచ్చే రాష్ట్రవాసులకి ఆ మూడు రోజులూ లైసెన్సు అక్కర్లేదు. ఈసారి ట్విన్ సిటీస్‌లో ఉన్న నాలుగు కుటుంబాలు మాతో వస్తున్నాయి. మంచు నిలిస్తేనే సుమా, మొదట గునపంతో చూసొచ్చి ముందురోజు రాత్రి అందరికీ కబురు చేస్తాను. పిల్లలకి రెండు జతల మేజోళ్లు తప్పనిసరి. పులిహోర మీరు తెండి. సామాను నాది.