ఆయనకు పనిచేసిన ఇంజెక్షన్ ఈయనకెందుకు వద్దన్నారు?

పెద్దప్రేగు కాన్సర్ గురించి వచ్చే ఉత్తరాలలో ఈ మధ్య కొత్త మాటలు కనిపిస్తున్నాయి. 'కె-రాస్' అంటే ఏమిటి? 'ఎం.ఎస్.ఐ.' పరీక్ష ఎందుకు? మైక్రో ఆర్.ఎన్.ఏ. చూసి మందు ఇస్తారట, నిజమేనా? పిల్లలు సెల్‌ఫోనులో చదివి చెబితే పెద్దలు కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి వస్తున్నారు. తెలుసుకోవడం మంచిదే. కాని వీటిలో ఏది ఇవాళ చికిత్సకు పనికివస్తుంది, ఏది ఇంకా పరిశోధనలోనే ఉంది అన్నది తెలియకపోతే డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది.

ఒక సోదరి రాసిన ఉత్తరం చూడండి. "మా మామగారికి 61 ఏళ్ళు. మలంలో రక్తం పడుతుంటే మొలలనుకుని ఏడాదిపాటు నాటుమందు వాడారు. చివరికి పెద్దప్రేగులో కాన్సర్ అనీ, లివర్‌కు కూడా పాకిందనీ తేలింది. మా వీధిలో ఒకాయనకు ఇదే జబ్బు. ఆయనకు సెటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ ఇస్తే గడ్డలు బాగా తగ్గాయి. మా మామగారికి మాత్రం 'కె-రాస్ మార్పు ఉంది, ఆ ఇంజెక్షన్ వద్దు' అన్నారు. డబ్బు లేనివాళ్ళమని అలా అన్నారేమోనని మా అత్తగారి బాధ. ఎకరంన్నర పొలం అమ్మకానికి పెట్టాము. మైక్రో ఆర్.ఎన్.ఏ. పరీక్ష చేయిస్తే సరైన మందు తెలుస్తుందని ఒకరు చెప్పారు. ఏం చేయమంటారు?"

అమ్మా, ముందు ఆ పొలం అమ్మకం ఆపండి. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మీ డాక్టరుగారు చెప్పింది సరైన మాటే. ఎందుకో వివరంగా చెబుతాను. ఇదే సందేహం ఇంకా చాలా ఇళ్ళలో ఉంది.

ఆగని గంట

మన శరీరంలో కణాలు వాటంతట అవి పెరగవు. పెరగమని బయటినుంచి కబురు రావాలి. ఆ కబురు అందుకునే స్విచ్చి కణం పైపొర మీద ఉంటుంది. దాని పేరు ఈ.జి.ఎఫ్.ఆర్. వీధి గుమ్మం దగ్గర కాలింగ్ బెల్ స్విచ్చి లాంటిదన్నమాట. దాన్ని నొక్కితే లోపలి తీగల గుండా కబురు వెళ్ళి గంట మోగుతుంది, కణం పెరుగుతుంది. కె-రాస్ అనేది ఆ లోపలి తీగలలో ఒకటి.

సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ అనే ఇంజెక్షన్లు చేసే పని ఆ స్విచ్చిని ఎవరూ నొక్కకుండా మూసివేయడం. బాగానే ఉంది. కాని లోపల తీగలే ఒకదానికొకటి అంటుకుపోతే? పైన స్విచ్చి మూసినా గంట మోగుతూనే ఉంటుంది. కె-రాస్ జన్యువులో మార్పు వచ్చిన కాన్సర్ సంగతి సరిగ్గా ఇదే. అందుకే అక్కడ ఆ ఇంజెక్షన్ పనిచేయదు.

సెటుక్సిమాబ్ 2004లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. అప్పట్లో ఈ తేడా తెలియదు. 2008లో వెలువడిన పరిశోధనలలో, కె-రాస్ మార్పు ఉన్నవారికి దాని వల్ల మేలు లేదని స్పష్టంగా తేలింది. ఆ తర్వాత దాని తోబుట్టువు ఎన్-రాస్ సంగతీ అంతేనని తెలిసింది. పెద్దప్రేగు కాన్సర్ వచ్చిన నూరుమందిలో సుమారు 40 మందికి కె-రాస్ మార్పు ఉంటుంది. వీరికి ఆ ఇంజెక్షన్ ఇస్తే ఒళ్ళంతా మొటిమల్లాంటి పొక్కులు, విరేచనాలు, ఖర్చు మిగులుతాయి. కొన్ని పరిశోధనలలో కీమోతో కలిపి ఇచ్చినప్పుడు నష్టమే జరిగింది.

కాబట్టి మీ వీధిలో ఆయనకూ, మీ మామగారికీ జబ్బు పేరు ఒకటే అయినా జబ్బు ఒకటి కాదు. కె-రాస్ మార్పు ఉన్నంత మాత్రాన చికిత్స లేదనుకోవద్దు. ఆక్సాలిప్లాటిన్, ఇరినోటికాన్ వంటి కీమో మందులు, బెవాసిజుమాబ్ ఇంజెక్షన్ కె-రాస్‌తో నిమిత్తం లేకుండా వాడతారు. లివర్‌లో గడ్డలు కొద్దిగానే ఉంటే వాటిని ఆపరేషన్‌తో తీయవచ్చునేమో లివర్ సర్జన్ చేత చూపించండి. అలా తీయగలిగిన వారిలో కొందరు పూర్తిగా కోలుకుంటారు కూడా. మీరు పట్టుబట్టి అడగవలసిన సంగతి ఇదే.

అడగవలసిన పరీక్షలు

కాన్సర్ ఇతర అవయవాలకు పాకినవారిలో మందు మొదలుపెట్టే ముందే బయాప్సీ ముక్క మీద ఈ పరీక్షలు చేయించాలి. మళ్ళీ కోత అక్కరలేదు. ఆపరేషన్‌లోనో, బయాప్సీలోనో తీసిన ముక్కను మైనపు దిమ్మలో భద్రపరుస్తారు, అది చాలు. ఆ దిమ్మ, దాని నంబరు రోగికి సంబంధించినవే. వేరే ఊరు వెళ్ళేటప్పుడు అడిగి తీసుకోండి.

మొదటిది కె-రాస్, ఎన్-రాస్. మార్పు ఉంటే అది ఏ రకమో కూడా రిపోర్టులో రాస్తారు. 'జి12సి' అనే అరుదైన రకానికి, అంటే నూటికి మూడు నాలుగు కేసులకు, ఈమధ్యనే ప్రత్యేకమైన బిళ్ళలు వచ్చాయి. 

రెండవది బి-రాఫ్. నూటికి ఎనిమిది, పదిమందిలో ఇందులో మార్పు కనిపిస్తుంది. ఇది మొండి రకం. దీనికి ఎన్‌కోరాఫెనిబ్ అనే మందును సెటుక్సిమాబ్‌తో కలిపి ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 2019లో తేలింది.

మూడవది ఎం.ఎస్.ఐ. కణం రెండుగా చీలేటప్పుడు జన్యువులన్నిటికీ నకలు రాసుకుంటుంది. నకలులో తప్పులు దొర్లితే దిద్దడానికి, పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దేవారిలాగా, కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. అవి లేకపోతే తప్పులు కుప్పలుగా పేరుకుంటాయి. దాన్నే ఎం.ఎస్.ఐ. ఎక్కువగా ఉండడం అంటారు. ఇన్ని తప్పులున్న కణాన్ని మన రోగనిరోధక శక్తి తేలికగా గుర్తుపడుతుంది. దానికి అడ్డు తొలగిస్తే చాలు. పెంబ్రోలిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఆ అడ్డునే తొలగిస్తుంది. ఇటువంటి రోగులలో కీమోతో పోలిస్తే అది జబ్బును రెండింతల కాలం అదుపులో పెట్టిందని 2020లో వచ్చిన ఫలితాలు చెప్పాయి. 2022లో న్యూయార్కులో మలాశయ కాన్సర్ ఉన్న 12 మందికి ఇదే తరహా మందు ఒకటి ఇస్తే 12 మందిలోనూ గడ్డ కనిపించకుండా పోయింది. అయితే ఈ అదృష్టం అందరిదీ కాదు. పాకిన కాన్సర్లలో నూటికి అయిదుగురికే ఈ లక్షణం ఉంటుంది. ఆ అయిదుగురిలో మనవాళ్ళు ఉన్నారో లేదో పరీక్ష చేస్తేనే తెలిసేది.

చిన్న చీటీల పెత్తనం

ఇక మైక్రో ఆర్.ఎన్.ఏ. కణం మధ్యలో ఉన్న జన్యువులు హెడ్డాఫీసు అనుకోండి. అక్కడినుంచి ఉత్తర్వుల నకళ్ళు బయటికి వస్తాయి, వాటిని చూసి కణం ప్రోటీన్లు తయారుచేస్తుంది. మన ఆఫీసులలో ఉత్తర్వు వచ్చినా, ఫైలు మీద ఎవరో 'ఆపి ఉంచండి' అని చిన్న చీటీ అంటిస్తే ఆ పని జరగదు కదా! మైక్రో ఆర్.ఎన్.ఏ.లు అటువంటి చీటీలు. ఒక్కొక్కదానిలో ఉండేవి సుమారు 22 అక్షరాలే.

1993లో ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో వీటిని మొదట కనిపెట్టారు. దానికి విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ అనే అమెరికా శాస్త్రజ్ఞులకు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది. మనిషి కణాలలోనూ ఇవి వందల సంఖ్యలో ఉన్నాయి.

పెద్దప్రేగు కాన్సర్‌లో 143, 145 నంబర్ల చీటీలు తగ్గిపోతాయని 2003లో గమనించారు. మామూలుగా ఇవి కణం పెరుగుదలను ఆపి ఉంచుతాయి. 21వ నంబరు చీటీ మాత్రం పెరిగిపోతుంది. అది వెళ్ళి, కాన్సర్‌ను అదుపుచేసే ఫైళ్ళకే అంటుకుంటుంది. గడ్డలో ఇది ఎక్కువగా ఉన్నవారికి జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువని 2008లో ఒక పరిశోధన తెలిపింది. పైగా ఇవి రక్తంలోనూ, మలంలోనూ, ఏళ్ళ తరబడి దాచిన మైనపు దిమ్మలోనూ చెడిపోకుండా ఉంటాయి. శాస్త్రజ్ఞులకు వీటి మీద ఆశ కలగడానికి అదీ ఒక కారణం.

మరి ఇవాళ ఎందుకు వాడడంలేదు? 21వ నంబరు ఇతర కాన్సర్లలోనూ, మామూలు వాపులలోనూ పెరుగుతుంది. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికితే కొన్ని చీటీల లెక్క తారుమారవుతుంది. ఒక ప్రయోగశాల ఫలితం మరొకదానితో కలవడంలేదు. వీటినే మందుగా ఇవ్వాలని చేసిన ప్రయత్నం కూడా ఒకటి ఉంది. 34వ నంబరు చీటీని పోలిన మందును రకరకాల గడ్డలున్న రోగులకు ఇచ్చి చూశారు. తీవ్రమైన దుష్ఫలితాలు కనిపించి 2016లో ఆపివేయవలసి వచ్చింది. కనుక పెద్దప్రేగు కాన్సర్‌కు ఏ మందు ఇవ్వాలో మైక్రో ఆర్.ఎన్.ఏ. చూసి నిర్ణయించే పద్ధతి ఇవాళ లేదు. ఎవరైనా పెద్ద ఆసుపత్రిలో పరిశోధన కోసం ముక్క ఇమ్మంటే ఇవ్వండి, రేపటివారికి మేలు. దానికి రోగి డబ్బు కట్టనక్కరలేదు. డబ్బు కట్టమనే మైక్రో ఆర్.ఎన్.ఏ. పరీక్షకు మాత్రం పొలం అమ్మకండి, నగ కుదువపెట్టకండి.

పాఠకుల ప్రశ్నలు

ప్ర: మా నాన్నగారి గడ్డలో కె-రాస్ మార్పు ఉన్నదన్నారు. మాకూ వస్తుందా? చెల్లెలికి సంబంధాలు చూస్తున్నాము, భయంగా ఉంది.

జ: కె-రాస్ మార్పు ఆ గడ్డలో పుట్టింది, గడ్డతోనే ఉంటుంది. పిల్లలకు సంక్రమించదు. సంబంధానికీ దానికీ ముడిపెట్టకండి. అయితే ఎం.ఎస్.ఐ. ఎక్కువగా ఉందని వచ్చిన కొందరిలో మాత్రం 'లించ్ సిండ్రోమ్' అనే వంశపారంపర్య లోపం బయటపడుతుంది. అది ఉన్నవారి పిల్లలలో ఒక్కొక్కరికీ అది వచ్చే అవకాశం సగానికి సగం. అయినా దాచవలసిన సంగతి కాదు. 20, 25 ఏళ్ళ వయసు నుంచి ఏడాదికో రెండేళ్ళకో కొలనోస్కోపీ చేయించుకుంటూ ఉంటే చాలావరకు కాన్సర్ రాకుండా చూసుకోవచ్చు. దాచిపెడితే ఆ అవకాశమే పోతుంది.

ప్ర: నాకు 47 ఏళ్ళు. మలంతో అప్పుడప్పుడు రక్తం పడుతోంది. నొప్పి లేదు. కొలనోస్కోపీ అంటే భయం. దాని బదులు జన్యువుల రక్తపరీక్ష చేయించుకుంటే సరిపోతుందా?

జ: సరిపోదు. పెద్దప్రేగు కాన్సర్ సాధారణంగా 'పాలిప్' అనే చిన్న పిలకగా మొదలై, గడ్డ కావడానికి పదేళ్ళు కూడా తీసుకుంటుంది. ఈ పిలకలను పట్టుకోవడంలో రక్తపరీక్షలు వెనకబడే ఉన్నాయి. కొలనోస్కోపీలో పిలక కనిపిస్తే అప్పుడే, అక్కడే తీసివేయవచ్చు. ముందురోజు విరేచనాల మందు తాగడమే అందులో కాస్త కష్టమైన పని. నొప్పి లేదు కనుక ప్రమాదం లేదనుకోవద్దు. మొలలున్నా సరే, కాన్సర్ కూడా ఉండకూడదన్న నియమమేమీ లేదు. 40 దాటినవారికి మలంలో రక్తం పడినా, విరేచనం తీరు మారి మూడు నాలుగు వారాలైనా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత వచ్చినా టానిక్కులతో కాలం గడపవద్దు. ముందు డాక్టరుగారు వేలితో మలద్వారం పరీక్ష చేయాలి. అది చేయకుండా మొలలకు మందు రాసిస్తే, చేయమని మీరే అడగండి. సిగ్గుపడవలసిన పని లేదు. మీకు రక్తం పడుతున్నది కాబట్టి వచ్చే పండుగ దాకా ఆగవద్దు, ఈ వారమే వెళ్ళండి.