మా పాటకు బూతని పేరు పెట్టిందెవరు?

నూజివీడు మామిడి తోటల మధ్య ఒక ఊరి బడి వార్షికోత్సవం. ఊరి పేరు ఎందుకులెండి, ఏ ఊరైనా అంతే. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఆరుగురు 'లంబాడీ డాన్సు' వేశారు. పాట సినిమాది. బట్టలు విజయవాడ నుంచి అద్దెకు తెచ్చినవి, అద్దాలు అతికించిన నైలాన్ పావడా, వీపు కనబడే రవిక. పిల్లలు నడుము తిప్పినప్పుడల్లా ముందు వరుస కుర్చీల్లోంచి చప్పట్లు, వెనకనుంచి ఈలలు. ఆ ఆరుగురిలో ఇద్దరు మా తండా పిల్లలు. ఆ ఇద్దరే పది రోజుల ముందు వచ్చి, హోలీకి తమ నాయనమ్మ పాడే లేంగి పాట పాడతామని అడిగారు. వదిన మరిదిని ఆటపట్టించే పాట. మొత్తం విన్నాం. విని, "వద్దమ్మా, పెద్దవాళ్లొస్తారు, బాగుండదు" అన్నాం.

అన్నది మేమే. మేమంటే సుగాలీ ఆడవాళ్లం, అందులోనూ టీటీసీ చేసి పంతులమ్మలమైనవాళ్లం. మా అమ్మల పాట మాకే సిగ్గనిపించింది, అద్దె రవిక సిగ్గనిపించలేదు. ఈ మాట ముందు ఒప్పుకుంటే తప్ప ఇంకొకళ్లని అడిగే హక్కు మాకు రాదు. ఒప్పుకున్నాం. ఇక అడుగుతాం.

ఆడది తన కోరిక తాను పాడుకుంటే బూతు, అదే కోరికను మగవాడు ఆమె పేరుతో రాస్తే కళ. తెలుగులో ఈ లెక్క ఎప్పటినుంచో నడుస్తోంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. అందులో రాధ అలుగుతుంది, కృష్ణుడు బతిమాలుకుంటాడు. ఆడది రాయకూడని రాతలని, రాసినామె వేశ్య అని కందుకూరి వీరేశలింగం ఆమెను తీసిపారేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని వెతికి, కోత లేకుండా 1910లో వావిళ్లవారి చేత అచ్చు వేయించింది. మరుసటి ఏడే అశ్లీలమని ప్రభుత్వం ప్రతులు పట్టుకుంది. టంగుటూరి ప్రకాశం గారి ప్రభుత్వం వచ్చేదాకా ఆ నిషేధం పోలేదు. అన్నేళ్లూ మగవాళ్లు రాసిన శృంగార ప్రబంధాలకు పండితులు వ్యాఖ్యానాలు చెబుతూనే ఉన్నారు. వాళ్లకు లేని సిగ్గు ఆడదానికే ఎందుకుండాలని నాగరత్నమ్మ ఆనాడే అడిగింది.

మా వైపు సంగతే చూడండి. (నూజివీడు 2022లో ఏలూరు జిల్లాలో కలిసింది గానీ మా నోటికి ఇంకా కృష్ణా జిల్లాయే.) మొవ్వ క్షేత్రయ్యది, పక్కనే కూచిపూడి. క్షేత్రయ్య ఆడదాని గొంతు పెట్టుకుని విరహం పాడితే భక్తి అయింది. ఆ పదాల్ని గొంతులో మోసి మనదాకా తెచ్చిన కళావంతుల ఆడవాళ్లకు మాత్రం చెడ్డపేరు మిగిలింది. కూచిపూడి సత్యభామ జడ పట్టుకుని మరీ తన మోహం చెప్పుకుంటుంది. ఆ సత్యభామ తరతరాలుగా మగవాడే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను జనం కళ్లకద్దుకున్నారు. ఆయన విద్యను మేం తక్కువ చేయడం లేదు. ఆడదాని వలపు మగవాడి ఒంటిమీద ఉన్నంతసేపు ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోయిందని మాత్రం చెబుతున్నాం. 1947లో మద్రాసు చట్టం ఆడపిల్లల్ని గుడికి అర్పించటాన్ని ఆపింది, మంచి పని. ఆ దెబ్బతోనే ఆ ఆడవాళ్ల ఆటనూ గుడి నుంచి, ఊరేగింపు నుంచి వెళ్లగొట్టింది. పోయిన ఆట తర్వాత పెద్దింటి అమ్మాయిలకు అరంగేట్రమైంది.

1993లో ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' వచ్చింది. తన ఒంటి గురించి ఆడది కవిత్వం రాస్తే ఇంత గోలా అనిపించేలా గోల జరిగింది. ఆ కవయిత్రులు తిన్న తిట్ల వల్లే ఈరోజు మేం ఈ నాలుగు పేజీలు రాయగలుగుతున్నాం. అయినా అక్కలారా, ఒక మాట. దళిత స్త్రీల గొంతు వేరే ఉందని చెప్పటానికి గోగు శ్యామల 2003లో 'నల్లపొద్దు' వేయాల్సి వచ్చింది. మా తండాల దగ్గరికి ఆ వెలుతురు ఇంకా సగమే చేరింది. సభకు పిలిచినప్పుడు మమ్మల్ని ఏమడుగుతారు? కరువు, సారా, ఆడపిల్లల అమ్మకం, పోలీసులు. అవన్నీ నిజమే, చెబుతాం. కానీ ముద్దుపళనిని తల్లిగా చెప్పుకునేవాళ్లు, మా తల్లులు ఏం పాడారని ఒక్కసారీ అడగలేదు. తెలుగు కథలో గిరిజన స్త్రీ దొర చేతిలోనో పోలీసు చేతిలోనో చెడిపోయి ఏడుస్తుంది, లేకపోతే ఏటి ఒడ్డున తడిబట్టతో నిలబడి పట్నం బాబును కైపెక్కిస్తుంది. తనకు ఫలానావాడు కావాలని అనుకునే ఆడది, అక్కర్లేదని మొహం మీద చెప్పే ఆడది మా కథల పేరుతో వచ్చే పుస్తకాల్లో ఎక్కడుంది?

మా తండాలో ఉంది. శ్రావణంలో తీజ్ వస్తే పెళ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు జల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. తొమ్మిది రాత్రులూ పాటలే. ఎలాంటి మొగుడు కావాలో అందులో దాపరికం లేకుండా చెబుతారు, అన్నదమ్ముల్ని దెప్పుతారు. పెళ్లిలో ధావ్లో అనే ఏడుపు పాట ఉంది, దాన్ని పెళ్లికూతురికి ముసలమ్మలు కూర్చోబెట్టి నేర్పిస్తారు. ఆ ముసలమ్మలే పెళ్లికొడుకును చుట్టుముట్టి, వాడికి చెమటలు పట్టేలా సరసమాడతారు. ఇక హోలీకి లేంగి. కంచు పళ్లెం మీద దెబ్బ పడితే మోకాళ్ల నొప్పుల అవ్వ కూడా లేస్తుంది.

మామిడి కోతల్లోనూ ఇదే. చిక్కం కర్రలతో మగవాళ్లు కాయ దించుతుంటే, ఎ.కొండూరు వైపు తండాల నుంచి కూలికొచ్చిన ఆడవాళ్లు చెట్టు నీడన చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి వేరుచేసి గడ్డి పరిచి సర్దుతుంటారు. చేతులకు జీడి అంటి మండుతుంటుంది, నోరు ఆడుతూనే ఉంటుంది. మొగుడు ఎందుకు పనికిరాడో, పక్క తోట కాపలావాడు ఎందుకు బాగున్నాడో పాటలోనే తేలిపోతుంది. మేస్త్రీ అటు వస్తే పాట తెలుగులోంచి గోర్‌బోలీలోకి మారిపోతుంది. ఆయనకు ఇప్పటికీ తెలియదు ఎన్నేళ్లుగా ఆయన మీదే పాడుతున్నారో.

కాంచళి గురించి కూడా చెప్పాలి. మా అవ్వలు కాంచళి, ఫేటియా కట్టి, చేతులనిండా బలియాలతో తోటలో మోపులు మోశారు. కాంచళికి వీపు ఉండదు, వెనక తాళ్లే. ఎండలో పనిచేసే ఒంటికి గాలి తగలాలి. అవ్వ వీపును తండాలో ఎవరూ తలతిప్పి చూడలేదు. సినిమా చూసింది. అద్దాలు, గవ్వలు, తాళ్లు తీసుకుని, లోపలి ఒంటిని మార్చి, గుడిసె సెట్టు వేసి హీరో ముందు ఆడించింది. మా అమ్మాయిలు ఆ బట్ట కట్టుకుని బస్సెక్కితే అదే సినిమా పాట ఈలగా వినబడింది. చీరలోకి, చుడీదార్‌లోకి మారారు. ఈరోజు కాంచళి మా ఇళ్లలో ట్రంకుపెట్టెలో ఉంది, స్టేజీల మీద అద్దెకు తిరుగుతోంది.

2021 డిసెంబరులో 'పుష్ప' వచ్చింది. 'ఊ అంటావా' పాడింది ఇంద్రావతి చౌహాన్, మంగ్లీ చెల్లెలు, మా ఆడబిడ్డ. ఆ గొంతు రేడియోలో వస్తే తోటలో పని ఆపి విన్నాం, గర్వపడ్డాం, దాచుకోం. రాసింది చంద్రబోస్. ఆడది ఎలా ఉన్నా, ఏం కట్టినా మగవాడి చూపు బుద్ధి అంతే అని చెప్పే పాట. దానికి మగవాళ్ల సంఘమొకటి తమకు అవమానమైందని కేసు పెట్టింది, నవ్వుకున్నాం. కానీ తెరమీద చూడండి. మాట మగవాడి చూపును తిడుతోంది, కెమెరా అదే చూపుతో ఆడదాని నడుము మీద పాకుతోంది. గొంతొక్కటే మాది. అదే ఏడాది మంగ్లీ గొంతుతో 'సారంగదరియా' ఊరూరా మోగినప్పుడు, ఆ పాటను సేకరించి పాడుతూ వచ్చింది నేనని కోమలి అనే జానపద గాయని బయటికొచ్చి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆడవాళ్ల నోట పెరిగిన పాటకు సినిమాలో తండ్రులు పుడతారు. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమా డాన్సుల్లో అసభ్యమైన స్టెప్పులు వద్దని హెచ్చరించింది. స్టెప్పుల సంగతి సరే, ఆడదాని ఆశ మీద వచ్చే ఇన్ని పాటల్లో ఆడవాళ్లు రాసినవి ఎన్ని అని కూడా అడిగి ఉంటే బాగుండేది.

ఇంత చెప్పాక, మా ఆడవాళ్లు నోరెందుకు మూసుకుంటున్నారో కూడా చెప్పకపోతే అబద్ధమవుతుంది. 1972లో చంద్రపూర్ జిల్లాలో మథుర అనే ఆదివాసీ పిల్ల. ఇష్టపడినవాడితో ఉంటానన్నది. అన్న ఫిర్యాదు ఇస్తే పోలీసు స్టేషనుకు రావాల్సి వచ్చింది, అక్కడ ఇద్దరు పోలీసులు చేసింది దేశమంతా ఎరుగుదురు. ఆమెకు ముందే అలవాటుందని కింది కోర్టు రాసింది. హైకోర్టు శిక్ష వేస్తే, 1978లో సుప్రీంకోర్టు ఒంటిమీద గాయాల్లేవని వాళ్లను వదిలేసింది. నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు, మహిళా సంఘాలు వీధికెక్కాయి, 1983లో చట్టం మారింది. దేశంలో స్త్రీల ఉద్యమం ఒక ఆదివాసీ పిల్ల పేరు మీద లేచింది. అయితే ఆ పిల్ల ప్రేమించిందన్న సంగతే కోర్టులో ఆమె మీద సాక్ష్యమైంది. మా తల్లులకు ఈ కేసు తెలియకపోవచ్చు, దాని పాఠం బాగా తెలుసు. మా పాట బయట వినబడితే 'వీళ్లు అలాంటివాళ్లే' అంటారు, రేపు ఏదైనా జరిగితే అదే మాట ముందుకొస్తుంది. అందుకే కూతురికి పాట నేర్పటం మానేశారు. దీన్ని సిగ్గు అని తీసేయలేం. అది భయం, దానికి కారణముంది.

మరి మా మగపెద్దలకేం భయం? హోలీకి లేంగి వద్దంటున్నారు. తండా పరువు పోతుందట. భజన చేసేవాళ్లూ అదే మాట, ప్రార్థన చేసేవాళ్లూ అదే మాట, ఈ ఒక్క విషయంలో ఇద్దరికీ మంచి ఐకమత్యం. చందాలేసి డీజే తెస్తున్నారు. డీజేలో ఏం వస్తాయి? ఐటెం సాంగులు. మగపిల్లలు తాగి చొక్కాలు విప్పి ఎగురుతారు, అవ్వలు అరుగుల మీద చెవులు మూసుకుని కూర్చుంటారు. నాయనలారా, పరువు మీ డీజేకి ఎంత మిగిలింది? మీ నాయనమ్మ పాటలో ఆమెకు ఏం కావాలో ఉంది. మీ డీజే పాటలో మీకు ఏం కావాలో ఉంది. తేడా అంతే, మీకు అడ్డొచ్చింది కూడా అంతే.

ఈ పుస్తకం కోసం లేంగి పాటలు సేకరించి వేద్దామని మొదట అనుకున్నాం. ఫోను తీసుకుని ఒక యాడి దగ్గరికి వెళ్లాం. డెబ్బై దాటిన మనిషి, వార్షికోత్సవంలో మేం ఆపిన పాట ఆమెదే. ఫోను చూసి, "అందులోకి పోయినాక ఎవరు వింటారు ఛోరీ?" అని అడిగింది. ఎవరైనా వినొచ్చని చెప్పాం. "మేస్త్రీ కూడానా?" అంది. ఔనన్నాం. ఫోను బయట పెట్టి రమ్మంది. మనవణ్ణి, మాతో వచ్చిన మాస్టారిని కూడా బయటికి పంపి తలుపు దగ్గరికి వేయించింది. అప్పుడు పాడింది, ఒకటి కాదు, పదకొండు. వార్షికోత్సవం పిల్లలిద్దరూ ఆమె పక్కనే కూర్చుని వంత పాడారు, వాళ్లకు సగం ముందే వచ్చు. మేం ఏమీ రాసుకోలేదు. ఆ పాటలు ఈ పుస్తకంలో లేవు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు పాడాలో యాడి, ఆ పిల్లలు అనుకుని చెబుతామన్నారు. వచ్చే హోలీకి డీజే చందా అడిగితే ఇవ్వొద్దని మాత్రం ఆరోజే తీర్మానం చేసుకున్నాం.