ఈ సెలవుల్లో గాలం పిల్లల చేతికే ఇవ్వండి



మిర్చి యార్డుకు టిక్కీలు వెళ్తున్న రోజులివి. పరీక్షలు కాగానే పిల్లల్ని అండమాన్ తీసుకెళ్దామని చాలా ఇళ్లలో మాట నడుస్తోంది. వెళ్లండి, మంచి ఆలోచన. ఒక్క మాట మాత్రం చెప్పాలనిపించింది. ఆ ప్యాకేజీలో ఒకటి రెండు పూటలు ఖాళీగా ఉంచండి. ఆ పూట గాలం మీ అబ్బాయి చేతికో అమ్మాయి చేతికో ఇచ్చి, మీరు పక్కన నిలబడండి.

ఎందుకంటున్నానో మా ఇంటి సంగతి చెబితే తెలుస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు డబ్బు కట్టి పడవలో చేపల వేటకు వెళ్లాం. ఎర కట్టిందీ గైడే, విసిరిందీ గైడే. చేప తగిలాక రాడ్ మావాడి చేతికిచ్చి ఫొటో తీశాడు. ఇంటికొచ్చాక వాళ్ల తాతయ్య ఫొటో చూసి "ఎవరు పట్టార్రా?" అని అడిగితే, మావాడు నిజాయితీగా "ఆ అంకుల్" అన్నాడు. ఆ మాట నాకు చురుక్కుమంది. చదువులోనూ మనం చేస్తున్నది ఇదే కదా అనిపించింది. నోట్సు ఒకరిది, జవాబు ఒకరిది, ఫొటో మాత్రం మన పిల్లవాడిది.

రెండోసారి గైడ్ లేకుండా, ఫ్లై రాడ్‌తో మేమే వెళ్లాం. ఇందులో పురుగు, రొయ్యపిల్ల లాంటి ఎర ఉండదు. కొక్కేనికి కోడిపుంజు ఈకలు దారంతో చుట్టి, చిన్న చేపలా కనిపించేట్టు చేస్తారు. ఆ ఈకకు బరువుండదు కాబట్టి విసిరితే పోదు. బరువంతా లావుపాటి లైనులోనే ఉంటుంది. రాడ్‌ను వెనక్కి ఊపి, లైను పూర్తిగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు ఊపాలి. ఆగకపోతే చిక్కుపడుతుంది. ఎనిమిదో నంబరు, తొమ్మిది అడుగుల రాడ్ మొదలుపెట్టేవారికి చాలు. కొక్కెం తీసేసి ఊలు ముక్క కట్టుకుంటే మిరపకాయలు ఎత్తేసిన కళ్లంలోనే నేర్చుకోవచ్చు. మేమలాగే నేర్చుకున్నాం.

అండమాన్‌లో మొదటి రోజు ఏమీ పడలేదు. రెండో రోజు ఎదురుగాలికి లైను నా టోపీకి చుట్టుకుంది. మూడో రోజు అరచేయంత పార చేప ఒకటి పడింది. మావాడికి చేపకన్నా పెద్దగా దొరికింది మరొకటి. మొదటి రెండు రోజులూ నీళ్లు తీస్తున్నప్పుడు వెళ్లామని, చేపలు మోకాలి లోతుకు వచ్చేది పోటు ఎక్కేటప్పుడని వాడే గమనించాడు. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాడు. చంద్రుడి వల్ల అలా జరుగుతుందని తర్వాత సైన్సు టీచర్ చెబితే, వాడికి అది కొత్త పాఠం కాలేదు. 'ఆటుపోట్లు' అని వ్యాసాల్లో రాసే పిల్లల్లో ఎందరు ఆటునూ పోటునూ కళ్లతో చూశారు?

మన ఊళ్లలో తాతలకు ఈ విద్య ఉండేది. మబ్బు చూసి, మట్టి పిడికిట పట్టి పత్తి గింజ ఎప్పుడు వేయాలో తామే తేల్చుకునేవారు. తప్పితే నష్టం వాళ్లదే, పండితే గొప్పా వాళ్లదే. ఆ పంట డబ్బుతోనే మనం ఫీజులు కడుతున్నాం. కానీ చూసి, ఆగి, సొంతంగా నిర్ణయించుకునే ఆ అలవాటును మాత్రం పిల్లలకు అందించడం లేదు.

"సముద్రం, పిల్లలు, ప్రమాదం" అని మీరనవచ్చు. నిజమే. మన తీరంలోనే ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల వార్తలు చదువుతూనే ఉన్నాం. అందుకే కొన్ని నియమాలు తప్పనిసరి. పిల్లలు మోకాలి లోతు దాటకూడదు, పెద్దవాళ్లు చేయి అందేంత దూరంలో ఉండాలి. కొక్కెం కంట్లో పడకుండా కళ్లద్దాలు పెట్టాలి. కొక్కెం ముల్లును పట్టకారుతో నొక్కేస్తే చేప నుంచైనా చెవి నుంచైనా తేలిగ్గా వస్తుంది. ఇసుకలో తోకముల్లున్న టేకు చేపలుంటాయి కనుక పాదాలు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడవాలి. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, మడ అడవుల పాయల దగ్గర దిగవద్దు. ఎండ పైకొచ్చి నీటి అడుగు స్పష్టంగా కనిపించాకే దిగండి.

చట్టం కూడా పాఠమే. 1983లో ఏర్పడిన వాండూర్ దగ్గరి మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో చేపలు పట్టకూడదు. మిగతా చోట్ల ఎక్కడ పట్టవచ్చో, అనుమతి కావాలో మత్స్యశాఖ కార్యాలయంలో ముందే అడగండి. అక్కడ తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, మాటకు ఇబ్బంది లేదు. తూర్పు తీరంలోనూ అండమాన్‌లోనూ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేటను నిషేధిస్తారు. మన వేసవి సెలవులు దాదాపు అందులోనే వస్తాయి. పట్టిన చేపను తడిచేతులతో తీసి ఎందుకు వదిలేయాలో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం ఉండదు.

అండమాన్ వెళ్లలేకపోయినా ఫరవాలేదు. సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నం మనకు దగ్గరే. మనం పులుసు పెట్టుకునే పండుగప్పను ఈకల గాలంతో పట్టడానికి మనుషులు ఆస్ట్రేలియా దాకా వెళ్తారు. ఆ చేప మొదట మగదిగా పెరిగి తర్వాత ఆడదిగా మారుతుందని మీ పిల్లలకు చెప్పి చూడండి, ఎన్ని ప్రశ్నలు వస్తాయో!

చేప పడకపోవచ్చు. అప్పుడు "పోనీలే" అని గైడ్‌ను పిలవకండి. "ఎందుకు పడలేదంటావ్?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. మనం నేర్చుకోవాల్సిందీ అదే.