ఏ తెరకు ఆ కొలత!
పరీక్ష ఫీజుకు అదే ఆఖరి రోజు. ఫోన్లో పేజీ తెరిస్తే ‘చెల్లించండి’ అన్న బటన్ కనిపిస్తుంది. హమ్మయ్య అనుకుని వేలు పెట్టేలోగా పైనుంచి ఓ బొమ్మ ఊడిపడుతుంది. బటన్ కిందికి జారిపోతుంది. వేలు మాత్రం ఏదో ప్రకటన మీద పడుతుంది!

‘పాడు నెట్టు’ అని తిట్టుకుంటాం కానీ, చాలాసార్లు తప్పు నెట్‌ది కాదు. ఆ పేజీని తయారుచేసినవారిది. పేజీలో అక్షరాలు ముందొస్తాయి, బరువైన బొమ్మలు తాపీగా వెనక వస్తాయి. రాబోయే బొమ్మ వెడల్పు, ఎత్తు ముందే రాసి ఉంటే బ్రౌజర్ ఆ జాగాను ఖాళీగా అట్టేపెడుతుంది, బస్సు సీటు మీద తువ్వాలు వేసినట్టు. రాయకపోతే బొమ్మ వచ్చి అన్నింటినీ కిందికి తోసేస్తుంది. రెండంటే రెండు అంకెలు రాయని బద్ధకం ఖరీదు అది. 2020లో గూగుల్ ఈ గెంతులాటను కూడా కొలిచి మార్కులేయడం మొదలుపెట్టింది. పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్లలో కనిపించాలన్నదీ ఆ కొలతల్లో ఒకటి.

అసలీ తిప్పలకు మూలం కాగితం అలవాటే. పత్రిక పుట వెడల్పు చదివేవారిని బట్టి మారదు కదా! తొలినాటి వెబ్‌సైట్లనూ అలాగే కట్టారు. కంప్యూటర్ తెరకు సరిపడా పట్టికలు గీసి, గడుల్లో అక్షరాలూ బొమ్మలూ కుక్కేవారు. 2007లో ఐఫోన్ వచ్చాక ఆ పేజీలే అరచేతిలో చీమతలకాయంత అక్షరాలతో ప్రత్యక్షమయ్యాయి. కొన్ని సంస్థలు ఫోన్ల కోసం విడిగా మరో సైటు కట్టుకున్నాయి. ఒకే ఇంటికి రెండు వంటిళ్లన్నమాట.

2010 మేలో ఈథన్ మార్కాట్ అనే అమెరికా డిజైనర్ ‘ఎ లిస్ట్ అపార్ట్’ అనే వెబ్ పత్రికలో ఓ వ్యాసం రాశాడు. పేజీ ఒక్కటే ఉండాలి, తెరను బట్టి అదే సర్దుకోవాలన్నది దాని సారాంశం. కొలతలు శాతాల్లో ఇవ్వాలి, బొమ్మ తన గడి దాటకూడదు, తెర ఇరుకైతే పక్కపక్కనున్న వరసలు ఒకదాని కిందికొకటి దిగాలి. దానికి ఆయన పెట్టిన పేరు రెస్పాన్సివ్ వెబ్ డిజైన్. మరుసటి ఏడాదే ‘బోస్టన్ గ్లోబ్’ దినపత్రిక తన సైటును అలా కట్టించింది. ఆ బృందంలో మార్కాట్ కూడా ఉన్నాడు. పెద్ద సైట్లకు ఇది కుదరదన్న వాదన అక్కడితో నీరుగారింది.

అయితే సర్దుకోవడం వేరు, బరువు తగ్గడం వేరు. 1600 చుక్కల వెడల్పున్న ఫొటోను ఫోన్లో 400కు కుదించి చూపించినా, డేటా మొత్తం ఫొటోకీ ఖర్చవుతుంది. నిజంగా అవసరమైంది అందులో 16వ వంతు! రోజుకింతని డేటా వేయించుకునే ఇంట్లో ఇది డబ్బు లెక్కే. ఒకే ఫొటోను నాలుగైదు సైజుల్లో ఉంచి, తగినది బ్రౌజర్నే ఎంచుకోనిచ్చే ఏర్పాటు 2014లో క్రోమ్‌లోకి వచ్చింది. దానికోసం యోవ్ వైస్ అనే ప్రోగ్రామర్ నెట్‌లో చందాలు పోగుచేశాడంటే విచిత్రమే. 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింటిలోనూ ‘గ్రిడ్’ పద్ధతి రావడంతో పేజీని గడులుగా విభజించడం కొద్ది లైన్ల పనైపోయింది.

తెలుగు పేజీలకు ఇంకో చిక్కుంది. పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్‌కు సరిపోయే వరసల ఎడం మనకు చాలదు. ‘సబ్మిట్’ అన్న ఇంగ్లిష్ మాటకు కొలిచి చేసిన బటన్‌లో ‘సమర్పించండి’ పట్టక తోక తెగుతుంది. వెడల్పును అంకెతో బిగించకుండా మాటను బట్టి సాగనిస్తే సరిపోయేదానికి ఎన్ని సైట్లలో ఈ తోకతెగిన మాటలో!

మీ పిల్లల స్కూలు సైటును కంప్యూటర్లో తెరిచి, బ్రౌజర్ అంచు పట్టుకుని మెల్లగా లోపలికి లాగి చూడండి. వరసలు ఒద్దికగా ఒకదాని కిందికొకటి దిగితే సరే. అడుగున అడ్డంగా జరిపే పట్టీ కనిపించిందా... ఆ సైటు ఇంకా కాగితం కాలంలోనే ఉందన్నమాట. కట్టింది తెలిసినవాళ్ల అబ్బాయైతే ఆ మాట చెప్పనూవచ్చు.